లాగుల్లేని కంపెనీ

బస్సులో తన ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు సవరాలక్కకు గుర్తుండవు. తలలు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటాయి. పాపిట ఎటు తీశారు, సుడి ఎక్కడుంది, రంగు వేసి ఎన్నాళ్లయింది, అన్నీ ఒక్క చూపులో పట్టేస్తుంది. ఒకసారి ముందు సీటు పెద్దమనిషి పెట్టుకున్నది విగ్గని కనిపెట్టి, ఆ పనితనం ఎవరిదో అడగాలని తను దిగాల్సిన చోట దిగకుండా ఇంకో రెండు స్టాపులు వెళ్లింది. ఎవరో తనను వెంబడిస్తున్నారని ఆ పెద్దమనిషి హడలిపోయి, దిగీ దిగగానే సందులోకి పరుగందుకున్నాడు. విషయం తేలలేదని వారం రోజులు బాధపడింది. ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే ఆవిడకు ఇక కాలు నిలవదు.

అసలు పేరు ఒకటుంది గానీ కరెంటు బిల్లు మీద తప్ప దానికి వాడకం లేదు. పెళ్లికి ముందే సవరాలు అల్లడం నేర్చుకుని సవరాలక్క అయింది. యాభై నాలుగేళ్లొచ్చినా అక్కగానే ఉండిపోయింది, తనకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. సవరాల తర్వాత నాటకాలవాళ్లకు గడ్డాలూ మీసాలూ, రాజులకు భుజాల దాకా గిరజాలూ కట్టింది. నాటకాలు మూలపడ్డాక, జబ్బు చేసి జుట్టు రాలిపోయిన ఆడవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కి రావడం మొదలైంది. రాజుగారి గిరజాలు ఆఖరి వరస వాళ్లకు కూడా కనబడాలి. వీళ్లు పెట్టుకున్నది విగ్గన్న సంగతి పక్కనున్నవాళ్లకు కూడా తెలియకూడదు. పని బాగుందని ఎవరూ అనకపోవడమే ఇక్కడ మెచ్చుకోలు.

మేడ మీద మూడు గదుల ఇల్లు. ముందు గదిలో పొడవాటి బల్ల, దాని మీద అయిదు చెక్క తలలు. కొక్కెం సూదితో వల టోపీకి ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ పోతే ఒక విగ్గుకు నెల పైన పడుతుంది. ఆ వల టోపీ కుట్టేది ఆమె తోడబుట్టిన అక్క. ఆవిడ ఉండేది రెండు రైళ్లు మారితే గానీ చేరలేనంత దూరంలో. టోపీ తలకు అతికినట్టు రావాలంటే అక్క ఆ తలను చూడాలి. అందుకని సవరాలక్క పన్నెండు వైపుల నుంచి ఫోటోలు, చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీసి, ఇంటర్నెట్లో ఫైళ్లు పంచుకునే సైటులో ఒక ఫోల్డరులో పెడుతుంది. ఆ ఫోల్డరు లింకు అక్క దగ్గర ఉంటుంది. మూడేళ్లుగా ఇదే పద్ధతి.

ఒక శనివారం పొద్దున ఒక హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. తలకు నీలం గుడ్డ చుట్టుకుని ఉంది. మందులు వాడడం అయిపోయిందని, రెండు నెలల్లో తిరిగి బడికి వెళ్లాలని చెప్పింది. సవరాలక్క చెప్పిందంతా శ్రద్ధగా విని, ఫోటోల మాట రాగానే చెయ్యెత్తి ఆపింది. ఈ ఫోటోలు ఎవరెవరు చూస్తారని అడిగింది.

"ఎవరూ చూడరండీ, నేనూ మా అక్కా తప్ప."

"అది మీకు తెలుసా, అనుకుంటున్నారా?"

వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆ మాట అన్న సవరాలక్కను ఇంతవరకూ ఎవరూ ఇలా నిలదీయలేదు. బోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబెట్టినట్టయింది. అనుకుంటున్నానని ఒప్పుకుంది.

"మా బళ్లో ఎనిమిది వందల మంది పిల్లలున్నారు," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఒక్కడికి దొరికితే చాలు, బెల్లు కొట్టేలోపల అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఆ తర్వాత నేను వాళ్లకి వీపు తిప్పి బోర్డు మీద రాయలేను. మీరు తెలుసుకుని చెప్పండి. పై శనివారం వస్తాను."

కోపం రావాల్సిన మాటే. సవరాలక్కకు మాత్రం కుతూహలం పుట్టింది. ఇరవై ఎనిమిదేళ్లుగా తలలతో పని చేస్తున్నా, ఫోటో ఇక్కణ్ణుంచి అక్క దగ్గరికి ఏ దారిన వెళ్తుందో తన తలలోకి ఒక్కసారీ రాలేదేమిటా అని ఆశ్చర్యపోయింది. అప్పటికప్పుడే కిందికి దిగింది.

కింద ఫోటోస్టాట్ షాపు. మేడలో అందరికీ ఇంటర్నెట్ పంచేది ఆ షాపతనే. దారి సంగతి అడిగితే అతను ఉత్సాహంగా కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించాడు. ఎవరి ఫోను ఏ సైటుకు ఎన్నింటికి వెళ్లిందీ వరసగా ఉంది. మూడో అంతస్తు యోగా మాస్టారు తెల్లవారి ఆరింటికి చూసేది కుస్తీ పోటీలట. ఆ మాట విని పడీ పడీ నవ్విన సవరాలక్క, ఆ కిందే తన ఫోను కూడా కనబడేసరికి గతుక్కుమంది.

"మీ ఫోటోలు నాకు కనబడవక్కా," అన్నాడతను. "ఏ సైటుకెళ్లారు, ఎప్పుడెళ్లారు, ఎంత పంపారు, అంతవరకే."

నా సంగతులు యోగా మాస్టారికి ఏం చెప్పావు నాయనా అని అడగబోయి ఊరుకుంది. అదీ కనబడకూడదంటే వీపీఎన్ పెట్టుకోవాలని అతనే చెప్పాడు. ఫోను నుంచి ఆ వీపీఎన్ కంపెనీ దాకా ఒక గొట్టం వేస్తారట. గొట్టంలో ఏం పోతోందో, ఎటు పోతోందో దారిలో ఉన్నవాళ్లకు తెలియదట. మరి గొట్టం అవతలి చివర కూర్చున్నవాడికో అని ఆమె అడిగింది. అతను బుర్ర గోక్కుని, ఏ సైటుకు వెళ్లామో వాడికి తెలుస్తుందన్నాడు. అంటే నీ కళ్లు మూసి వాడి కళ్లు తెరవడమన్నమాట అంది సవరాలక్క. అందుకే మంచి కంపెనీ చూసుకోవాలన్నాడతను. ఏది మంచిదో అతనికీ తెలియదు.

ఇక చూడండి, విగ్గు పక్కన పడింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల దాకా ఫోను వదల్లేదు. ఆ కంపెనీల పేర్లు నోరు తిరక్క, వాటి బొమ్మల్ని బట్టి తనే పేర్లు పెట్టుకుంది. గొడుగు, గద్ద, గబ్బిలం, తాబేలు. ప్రతి కంపెనీ తనే గొప్పదంటుంది, ప్రతిదీ మొదటి పేజీలోనే 'నో లాగ్స్' అని పెద్దక్షరాల్లో రాసుకుంటుంది. ఆ మాట పైకి చదువుతుంటే మంచం మీదున్న అత్తగారు లేచి కూర్చుంది. ఎనభై రెండేళ్ల మనిషి. తనకు కావలసిన మాటలు మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తాయి.

"లాగులు లేవా? లాగుల్లేని వాళ్లతో మనకేం పనే?"

సవరాలక్క కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, అవి తొడుక్కునే లాగులు కావని, ఎవరు ఎక్కడికి వెళ్లారో రాసుకునే చిట్టాను లాగ్ అంటారని, అది తాము రాయబోమని ఆ కంపెనీలవాళ్లు మాట ఇస్తున్నారని విడమరిచి చెప్పింది. అత్తగారు ఆలోచించింది.

"రాసుకోలేదని నీకెలా తెలుస్తుందే? వాళ్లింట్లో దూరి చూస్తావా?"

నవ్వు ఆగిపోయింది. రెండు రోజులుగా చదివిన పేజీల్లో ఇంత సూటి ప్రశ్న ఒక్కటీ కనబడలేదు. మళ్లీ మొదటినుంచీ వెతికితే, బయటివాళ్లను పిలిచి తమ కంప్యూటర్లు సోదా చేయించుకుని ఆ నివేదికను అందరికీ కనబడేలా పెట్టిన కంపెనీలు కొన్నే తేలాయి. మిగిలినవాటిది ఉత్త కబురే. గొడుగు అసలే ఉచితం. దాని షరతుల్లో చీమల్లాంటి అక్షరాల్లో, మీరు చూసే సైటుల వివరాలు మా భాగస్వాములతో పంచుకుంటామని ఉంది. గొట్టం వేసినవాడే గొట్టంలోకి తొంగిచూసి బతుకుతున్నాడన్నమాట. గొడుగును అక్కడితో ముడిచేసింది.

సవరాలక్క మొగుడు లిఫ్టుల మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. భార్య ఇంత హడావిడి పడుతుంటే ఆయన పేపరు వెనక నుంచి చూస్తూ కూర్చున్నాడు గానీ, 'కిల్ స్విచ్' అన్న మాట చెవిన పడగానే పేపరు మడిచాడు. గొట్టం మధ్యలో తెగితే పంపడం మొత్తాన్ని ఆపేసే మీట అది. లిఫ్టుకు తాడు తెగితే గోడ పట్టాలను కరచుకుని ఆగిపోయే బ్రేకు ఉంటుంది, ఇదీ అదే అన్నాడు. ఉందని రాస్తే సరిపోదు, తెంపి చూడాలన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బ్రేకు పడుతోందా లేదా అని చూడ్డమే ఆయన పని.

అలా ఒక మధ్యాహ్నం ఆ మేడలో పరీక్ష జరిగింది. అసలు ఫోటోలు పెట్టి పరీక్షించడానికి మనసొప్పక, సవరాలక్క చెక్క తలల్ని అటూ ఇటూ తిప్పి ఫోటోలు తీసింది. కింద షాపతను తెర ముందు కూర్చున్నాడు. పైన సవరాలక్క గద్ద గొట్టంలోంచి చెక్క తలల్ని పంపడం మొదలుపెట్టింది. సగం వెళ్లాక మొగుడు గొట్టం తెంపాడు. కిందినుంచి కేక వినిపించింది, ఫైళ్ల సైటు పేరు కనబడుతోందక్కా అని. తాడు తెగినా గద్ద ఆగలేదు, బట్టబయలు దారిన పోతూనే ఉంది. గబ్బిలంతో, తాబేలుతో చేస్తే షాపతని తెర మీద ఏమీ రాలేదు, ఫైలు ఉన్నచోటే ఆగింది. ఆయన ఉద్యోగం మళ్లీ వచ్చినంత సంబరపడ్డాడు. అత్తగారు మాత్రం ఆ లాగుల్లేనివాళ్లు నెగ్గారా లేదా అని రెండుసార్లు అడిగింది.

ఇక మిగిలినవి రెండు. రెంటికీ సోదా నివేదికలున్నాయి, రెంటికీ బ్రేకు ఉంది. పెద్ద వీడియోలు పంపడానికి రెండూ అడ్డు చెప్పవు. తాబేలు పేరుకు తగ్గట్టే కాస్త నిదానం. ఇక్కడ సవరాలక్క తన వృత్తి తెలివి బయటికి తీసింది.

జుట్టు కొనడానికి వెళ్లినప్పుడు ఆవిడ ఎప్పుడూ ఒక పని చేస్తుంది. మూడు తలల జుట్టు తనే కలిపి కట్టిన జడ ఒకటి సంచిలో తీసుకెళ్లి, ఇది ఒకే తలదేనా చెప్పండి అని వ్యాపారిని అడుగుతుంది. ఒకే తలదమ్మా, కళ్లు మూసుకుని తీసుకోండి అన్నాడంటే ఆ కొట్టు మెట్లు మళ్లీ ఎక్కదు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే సరుకు సంగతి తేలకపోయినా మనిషి సంగతి తేలుతుందని ఆవిడ నమ్మకం. ఈ నాలుగు రోజుల్లో వీపీఎన్ కాపలా దారికేనని, చేరినచోట ఏం జరిగినా దానికి సంబంధం లేదని బాగా బోధపడింది కాబట్టి, సరిగ్గా ఆ ప్రశ్నే రెండు కంపెనీలకూ రాసింది. నేను పంపిన ఫోటోలు మా అక్క దగ్గరికి చేరాక కూడా మీరు ఎవరికీ కనబడకుండా దాచగలరా అని.

గబ్బిలం నిమిషంలో జవాబిచ్చింది. తప్పకుండా, మీ ఫైళ్లకు అన్నిచోట్లా నూటికి నూరుపాళ్లు రక్షణ, ఈ రోజే చేరండి అని. కళ్లు మూసుకుని తీసుకోండి అన్న వ్యాపారి గొంతే వినబడింది సవరాలక్కకు.

తాబేలు జవాబు మర్నాడు వచ్చింది. రాసినవాళ్లెవరో గానీ ఓపికగా రాశారు. "దాచలేం. మా పని దారి వరకే. ఫోల్డరులో పెట్టిన ఫోటోలు ఎవరు తెరవగలరనేది ఆ ఫోల్డరు పెట్టినవాళ్లు చూసుకోవాలి. మీ ఫోల్డరును ఎవరెవరు తెరవగలరో ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారు?"

ప్రాణం లేచొచ్చింది ఆవిడకు. దాచలేం అన్న మాటకే తాబేలును ఎంచుకుంది. చివరి ప్రశ్నను ఊరికే మర్యాదకు అడిగారనుకుంది. కానీ అడిగినదానికి జవాబు తెలియకపోతే ఉండలేని మనిషి కదా, ఫోల్డరు తెరిచి చూసింది. అనుమతులు అన్నచోట ఒక్క వాక్యం ఉంది. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు.

మూడేళ్లు. తొమ్మిది మంది. వాళ్ల ఒక్కొక్కరి ఫోటోలూ అందులోనే వరసగా ఉన్నాయి.  ముందు ఆ అనుమతి మూసేసి, అక్కకు ఫోన్ చేసింది. లింకు ఎవరికైనా ఇచ్చావా అని అడిగితే, అక్క ఏమాత్రం తొట్రుపడకుండా ఇచ్చానంది.

"రంగు కుదరాలి కదే. రాలకముందు జుట్టు ఏ రంగో తెలియడానికి వాళ్ల పాత ఫోటోలు కూడా అందులోనే పెడతావుగా. జుట్టు వ్యాపారికి ఆ లింకే పంపాను. చూసి సరైన కట్ట పంపాడు. ఎప్పుడైనా రంగు తేడా వచ్చిందా చెప్పు?"

రాలేదు. మూడేళ్లలో ఒక్క విగ్గుకూ రంగు తేడా రాలేదు. అక్క పనితనం చూసి తను మురిసిపోయింది కూడా. వ్యాపారికి ఫోన్ చేస్తే, అతను పాపం దాచకుండా, కట్టలు ఏరే పనివాళ్లిద్దరికీ ఆ లింకు ఇచ్చానని, వాళ్లు ఇంకెవరికీ ఇచ్చి ఉండరని చెప్పాడు. ఇచ్చి ఉండరు అంటే తెలుసా, అనుకుంటున్నావా అని అడిగింది సవరాలక్క. 

శుక్రవారానికల్లా ఇల్లు చక్కబడింది. ఆ తొమ్మిది మంది ఫోటోలూ సైటులోంచి, అక్క ఫోనులోంచి, వ్యాపారి ఫోనులోంచి, అతని పనివాళ్ల ఫోనుల్లోంచి చెరిపించింది. వ్యాపారికి ఇకమీదట వెళ్లేది, జుట్టు రాలినప్పుడు వాళ్లు దాచుకున్న ఒక్క వెంట్రుక, కవరులో. కొత్త ఫోల్డరుకు తాళం పెట్టి, దాని పాస్‌వర్డును అక్కకు ఫోనులో నోటితో చెప్పింది. దారికి తాబేలు ఉంది. హెడ్‌మిస్ట్రెస్ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సరైన జవాబు సిద్ధంగా ఉంది. అది నిజం కూడా. జరిగింది ఆమెకు చెప్పాలా అన్నదే ముల్లులా గుచ్చుకుంటోంది. ఆమె ఫోటోలకు ఏమీ కాలేదు కదా, ఎందుకు చెప్పడం, ఉన్న పనీ పోతుందన్నాడు మొగుడు. ఆయనన్నది తప్పేం కాదు. అయినా ఆ వారమంతా నిజం చెప్పలేదని తను ఏయే కంపెనీలను ఏరి పారేసిందో తలుచుకుంటే సవరాలక్కకు సిగ్గేసింది.

శనివారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి కూర్చుంది. సవరాలక్క మొత్తం చెప్పింది. గొట్టం, బ్రేకు, తాబేలు, అన్నీ చెప్పి, ఆగకుండా ఫోల్డరు సంగతీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ చెక్క తలల వంకే చూసింది. హెడ్‌మిస్ట్రెస్ ఒకటే అడిగింది.

"ఆ తొమ్మిది మందికీ చెప్పారా?"

"లేదండీ."

"ముందు వాళ్లకి చెప్పండి," అని లేచింది. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మొత్తం అందరికీ."

తర్వాతి రెండు రోజులు సవరాలక్క జీవితంలో సుఖమైనవి కావు.  ఒకామె కడుపు నిండా తిట్టింది. ఇద్దరు అలాగా అని పెట్టేశారు, ఆ అలాగా తిట్లకన్నా బరువుగా ఉంది. ఒకామెకు ఇప్పుడు ఒత్తుగా సొంత జుట్టే వచ్చిందట, ఇంకా ఆ ఫోటోలేమిటక్కా అని నవ్వేసింది. ఒకామె భర్త ఎత్తాడు. ఆమె పోయి ఏడాది దాటిందన్నాడు. ఏ ఫోటోలని అడిగి తెలుసుకుని, అవి చెరిపేశారా అన్నాడు. చెరిపేశానండీ అంది. ఒక్కటైనా ఉంచాల్సిందమ్మా, తను నాక్కూడా చూపించలేదు అన్నాడు. సవరాలక్క ఫోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అత్తగారు దగ్గరికొచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

తొమ్మిదో ఫోను అయ్యాక, అందరికీ చెప్పానని హెడ్‌మిస్ట్రెస్‌కు కబురు పెట్టింది. జవాబు రాలేదు. అయితే పని పోయినట్టే అనుకుని, నాటకాలవాళ్లెవరో అడిగిన పాత గడ్డం ఒకటి ముందేసుకుంది.

మర్నాడు సాయంత్రం మెట్ల మీద చప్పుడైంది. హెడ్‌మిస్ట్రెస్ లోపలికొచ్చి, చేతిసంచి బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. ఎవరేమన్నారని అడిగింది. సవరాలక్క పేర్లు చెప్పకుండా ఒక్కొక్కరి మాటా చెప్పింది, పోయినామె భర్త మాటతో సహా. హెడ్‌మిస్ట్రెస్ వింటూ తలగుడ్డ ముడి మీద చెయ్యి వేసింది. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత ముడి విప్పి, గుడ్డ మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

సవరాలక్క లేచి కిటికీ రెక్క మూయబోయింది.

"ఉండనివ్వండి," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఫోటోకి వెలుతురు కావాలి కదా."